ఇప్పసారా పోస్తే బండి నడుస్తుందా?



మొన్న హాస్టల్లో పెట్రోలు గురించి మాట వచ్చింది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదా, దాని మీద. ఇథనాల్ అంటే సారాయే అని ఒకడు చెప్పాడు. వెంటనే ఇంకొకడు నా దిక్కు చూసి, "అయితే మీ గూడెంలో అందరింట్లో పెట్రోలు బంకు ఉన్నట్టే, మీ ఇప్పసారా పోస్తే నా బండి నడుస్తదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే చేసిన. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. జవాబు నాకు తెలియదు, అందుకే. నాలుగు రోజులు లైబ్రరీలో కూర్చుని చదివిన తర్వాత ఇది రాస్తున్నా.

ముందు ఇంజన్ కథ. పెట్రోలు కంటే ముందే ఇంజన్లు సారాతో నడిచాయి. అమెరికాలో శామ్యూల్ మోరే అనే ఆయన 1826లో సారా, టర్పెంటైన్ నూనె కలిపి నడిచే ఇంజన్ చేశాడు. అప్పట్లో అక్కడ ఇళ్లలో దీపాలకు కూడా సారా కలిసిన నూనె వాడేవాళ్లు. 1862లో అంతర్యుద్ధం ఖర్చుల కోసం ప్రభుత్వం సారా మీద పన్ను వేసింది. అది పెరిగి పెరిగి గ్యాలనుకు రెండు డాలర్లకు చేరింది. తాగేదానికీ, దీపంలో పోసేదానికీ తేడా చూడలేదు. దీపం కిరోసిన్‌కు మారిపోయింది. పరిశ్రమలకు వాడే సారా మీద ఆ పన్ను తీసేసింది 1906లో. అప్పటికే పెట్రోలు కంపెనీలు బలపడ్డాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అదే కాలంలో ఇక్కడ ఏం జరిగింది? 1878లో బొంబాయి ఆబ్కారీ చట్టం, 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చాయి. ఇంట్లో కాచుకోవడం నేరమైంది, కాంట్రాక్టరు అమ్మేది కొనుక్కోవడం చట్టమైంది. బొంబాయి వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి 1892లో ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు ఏరడం, దాచుకోవడం మీదే ఆంక్షలు పెట్టారు. ఆలోచించండి. సారా కాదు, పువ్వు! కరువులో కడుపు నింపే పువ్వు. గోదావరి పక్క రంపలో కల్లు గీసుకోవడం మీద చిగురుపన్ను వేశారు, కాంట్రాక్టర్లను దించారు. 1879లో అక్కడి కొండవాళ్లు తిరగబడటానికి అదొక పెద్ద కారణం. మన చరిత్రలో జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడతాం. చెట్టు కింద రాలిన పువ్వు మీద హక్కు కూడా అందులోదే.

హైదరాబాద్ రాజ్యంలో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చక్కెర తీయగా మిగిలిన మడ్డితో అక్కడ సారా తీసి, దానికి పవర్ ఆల్కహాల్ అని పేరు పెట్టి పెట్రోల్లో కలిపారు. 1948లో దేశం మొత్తానికి పవర్ ఆల్కహాల్ చట్టం కూడా వచ్చింది. అంటే ఫ్యాక్టరీలో తీస్తే ఇంధనం, గూడెంలో తీస్తే కేసు. నా చిన్నప్పుడు మా చిన్నాయన మీద అట్లాంటి కేసే అయింది. కుండలు పగలగొట్టారు. ఎండబెట్టిన పువ్వు కూడా నేలపాలు చేశారు. మా అవ్వ సారా గురించి ఏడవలేదు, పువ్వు గురించి ఏడ్చింది.

సరే, అసలు ప్రశ్న. ఇప్పసారాతో బండి నడుస్తుందా?

నేరుగా పోస్తే నడవదు. ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరే. నానబెడితే పులిసి ఆ చక్కెర ఆల్కహాల్ అవుతుంది. కుండ మీద కుండ పెట్టి ఒకసారి కాస్తే వచ్చేదాంట్లో సగానికంటే ఎక్కువ నీళ్లే ఉంటాయి. ఇంజన్‌కు 95 శాతం దాకా కావాలి. అందుకే ఆవిరి మెట్టు మెట్టుగా ఎక్కుతూ మళ్లీ మళ్లీ చల్లబడే పొడవైన గొట్టం వాడతారు. ఎంత కాచినా దాదాపు 95 దగ్గర ఆగిపోతుంది. పెట్రోల్లో కలపాలంటే ఆ మిగిలిన నీళ్లు కూడా వేరే పద్ధతిలో తీసెయ్యాలి, లేకపోతే రెండూ విడిపోతాయి.

బండిని కూడా మార్చాలి. పెట్రోలు ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోవాలి, కార్బరేటర్‌లో జెట్ రంధ్రం పెద్దది చెయ్యాలి. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకున్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది, మైలేజీ తగ్గుతుంది. పాత రబ్బరు పైపులు పాడవుతాయి. చలికి స్టార్ట్ కాదు. బ్రెజిల్ వాళ్లు ఇవన్నీ సరిచేసుకుని 1979లోనే పూర్తిగా ఇథనాల్‌తో నడిచే కారును అమ్మారు. చలికి స్టార్ట్ అవ్వడానికి చిన్న పెట్రోలు డబ్బా పక్కన పెట్టారు.

అమెరికాలో 1980 నుంచి చిన్న రైతు కూడా పర్మిట్ తీసుకుని ఇంధనం కోసం సారా తీసుకోవచ్చు. తాగడానికి పనికిరాకుండా వేరే పదార్థం కలపాలి, లెక్క చూపాలి, అంతే. మన దగ్గర లైసెన్సు లేకుండా తీస్తే తాగడానికైనా బండికైనా నేరమే. కాబట్టి తమ్ముళ్లూ, ఇది చదివి ఎవరూ ప్రయోగం చెయ్యకండి. కేసు సంగతి అట్లుంచి, ఆ ఆవిరి అంటుకుంటే ఇల్లు మిగలదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. సారా మన ఇళ్లను కూల్చింది కూడా నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్లు కదిలితేనే 1993లో సారాయి బంద్ అయింది. మన గూడేల్లో కూడా అమ్మలు, అక్కలు సారా వద్దంటున్నారు. వాళ్ల మాట తప్పు కాదు. పువ్వును కాపాడటం వేరు, తాగుడును వెనకేసుకురావడం వేరు.

ఇప్పుడు ఇథనాల్ కోసం మొక్కజొన్న, బియ్యం, చెరకు పోతున్నాయి. ఫ్యాక్టరీలు మన దగ్గరికే వస్తున్నాయి. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు రోడ్డెక్కితే పనులు ఆగాయి. రేపు ఇప్పపువ్వు కోసం కూడా ఎవరో ఒకరు వస్తారు. అప్పుడు మనం పువ్వు ఏరే కూలీలమా, అమ్మే సంఘమా అనేది ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఉట్నూరులో మన ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి సంఘంగా అమ్ముతున్నారు. దారి వాళ్లే చూపించారు.

నా ఫ్రెండ్‌కు నిన్న జవాబు చెప్పిన. "నడుస్తది రా, కాని నీ బండిని మార్చాలి, చట్టాన్ని కూడా మార్చాలి" అన్న. ఈసారి నవ్వలేదు, కూర్చుని అడిగి తెలుసుకున్నాడు.

మీ ఊళ్లో పెద్దవాళ్లను ఒక మాట అడగండి: పువ్వు మీద ఎవరు ఎప్పుడు ఆంక్ష పెట్టారు, ఎట్ల ఎదుర్కొన్నారు అని. కింద రాయండి. మన చరిత్ర మన నోటి నుంచే రావాలి.

జై సేవా.