సరిహద్దు, షుగరు

గ్లోరియా అన్సల్దువా 'బోర్డర్‌లాండ్స్' (1987) మీద నా పిహెచ్.డి.లో ఒక అధ్యాయం రాశాను. సరిహద్దు, భాష, స్త్రీ దేహం - ఈ మాటలు ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఆమె 2004 మే 15న, 61 ఏళ్ళకే, మధుమేహం ముదిరి చనిపోయిందన్నది మాత్రం ఒక్క వాక్యంలో దాటేశాను. అమ్మకి షుగరు వచ్చాక మళ్ళీ ఆ వాక్యం దగ్గరికి వెళ్ళాను.

ఒక మరణానికి కారణాలు నేను తేల్చలేను. ఆమె పుట్టిన దక్షిణ టెక్సస్ రియో గ్రాండే లోయలో ఈ జబ్బు ఇంటింటి కథ. 1848 తర్వాత ఆ నదే సరిహద్దయింది. భూములు పోయి, తమ నేలమీదే కూలీలైన మెక్సికన్ కుటుంబాలవి.

షుగరుకి కావలసింది ఏళ్ళ తరబడి ఒకే డాక్టరు, ఆగని మందులు. చట్టాలు సరిగ్గా దానికే అడ్డుపడ్డాయి. 1996 చట్టం, కాగితాలున్న కొత్త వలసదారులకి కూడా అయిదేళ్ళపాటు మెడికెయిడ్ మూసేసింది. 2010 ఆరోగ్య సంస్కరణ కాగితాలు లేనివారిని బయటే ఉంచింది. చాలా రాష్ట్రాల్లో వీరికి మూత్రపిండాలు పాడై ప్రాణం మీదికి వస్తేనే డయాలసిస్.

ఇక భాష. దుబాసీ లేనిచోట పదేళ్ళ కూతురు తల్లి ఒంటి సంగతులు డాక్టరుకి చెప్పాలి. 'సుస్తో' వల్ల, అంటే మన దడుపులాంటి దానివల్ల, జబ్బు వచ్చిందని ఆ తల్లి అంటే ఎవరు వింటారు? ఇంగ్లీషు రానివారికి సేవలు అందాలన్న 2000 నాటి ఉత్తర్వు 2025 మార్చిలో రద్దయింది.

అదే లోయలోని స్టార్ కౌంటీలో మరో దారి వెతికారు. 256 మందితో జరిగి, 2002లో వెలువడిన అధ్యయనం అది. పాఠాలు స్పానిష్‌లో, చెప్పేది ఆ సమాజపు నర్సులు, వండేది వాళ్ళ వంటలే, పక్కన ఇంటి మనిషి. ఆరు నెలలకి హెచ్‌బీఏ1సీ మిగతావారికంటే 1.4 పాయింట్లు తక్కువ. అయినా 10 శాతం పైనే. పాఠం ఒక్కటే పేదరికాన్ని దాటించలేదు.

"టోర్టియా మానెయ్" అనడం తేలిక. ఇంటిల్లిపాదికీ అవి చేసిపెట్టి, తనకి వేరే వండుకునే తీరికా డబ్బూ ఏ తల్లికుంటాయి? మా అమ్మా అందరికీ వడ్డించాకే, వేళ దాటాకే తింటుంది.

ఆ అధ్యాయం తిరగరాస్తున్నాను. ఈసారి దేహం అన్నచోట జబ్బుపడ్డ దేహం కూడా ఉంటుంది.