తుఫాను జాడ తీసినవారు



యానాం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో కోరంగి ఉంది. ఈనాడు కోరంగి అంటే మడ అడవులు గుర్తుకు వస్తాయి. రెండు వందల ఏళ్ళ క్రితం అది ఓడలు కట్టే రేవు. బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడి జనం కోరంగీలని పిలిచారంటే ఆ పేరు ఎంత దూరం పాకిందో ఊహించుకోవచ్చు. అంతటి రేవును గాలీ ఉప్పెనా కలిసి రెండుసార్లు ఊడ్చిపెట్టాయి. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి. రెండూ చలి అడుగుపెట్టే రోజులే. 1839లో మూడు లక్షల మంది పోయారని పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి వ్రాసుకుంటూ వచ్చాయి. ఆ కాలపు రేవుకూ చుట్టుపక్కల లంకలకూ ఆ లెక్క పొసగుతుందని నాకు తోచదు. ఊరు తిరిగి మునుపటిలా లేవలేదన్నది మాత్రం నిజం.

ఈ కోరంగి కథను పట్టించుకుని గ్రంథానికి ఎక్కించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఆయన వాతావరణ శాఖ ఉద్యోగి అనుకోకండి. అప్పటికి అటువంటి శాఖే మన దేశంలో లేదు. వర్తక ఓడలు నడిపి, ఆ పని మానుకుని, కలకత్తాలో స్థిరపడ్డాడు. అక్కడ ఖనిజాల ప్రదర్శనశాల చూసేవాడు. ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే న్యాయస్థానానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. తుఫానులు ఆయనకు జీతం తెచ్చిన పని కావు, వదలని వ్యసనం. 1838లో విలియం రీడ్ అనే సైనిక ఇంజనీరు తుఫానుల తీరు మీద ఒక గ్రంథం వెలువరించాడు. అది చదివాక పిడింగ్టన్‌కు నిద్ర పట్టలేదనే చెప్పాలి. రేవుకు వచ్చిన ఓడల దినచర్య పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టాడు. ఏ గంటకు గాలి ఏ దిక్కు నుంచి వీచింది, పాదరసం ఎంత దిగింది, తెరచాప ఎప్పుడు చిరిగింది, అన్నీ పక్కపక్కన పెట్టి చూసేవాడు. ఒకే రోజున ఒక ఓడకు తూర్పు గాలి, దానికి దక్షిణంగా ఉన్న మరో ఓడకు పడమటి గాలి. వాటిని పటం మీద గుర్తిస్తే గాలి చుట్టలు చుట్టుకుంటూ తిరుగుతోందని తేలింది. పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి దానికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. 1848లో అచ్చయిన ఆయన గ్రంథంతో ఆ మాట లోకమంతా పాకింది. మన వాయుగుండం అనే మాటలోనూ ఆ సుడి ఉంది చూడండి. పొరుగున తమిళులు పుయల్ అంటారు, కన్నడిగులు చండమారుత అంటారు, ఒడియావారు బాత్యా అంటారు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఈ మాటలన్నీ చెవిన పడినవే.

ఆ గ్రంథంతో పాటు కొమ్మును పలచగా చీల్చి చేసిన రెండు పారదర్శకమైన పలకలు ఇచ్చేవాడు. ఒకటి భూమధ్యరేఖకు ఉత్తరాన, ఒకటి దక్షిణాన వాడుకోవడానికి. నావికుడు ఆ పలకను పటం మీద పెట్టి, తనకు తగిలే గాలి దిక్కును బట్టి తుఫాను నడిబొడ్డు ఎటు ఉందో పోల్చుకోవచ్చు. దాని కిటుకు ఎవరైనా గుర్తుంచుకోగలిగినంత తేలిక. మన వైపు, గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను గుండం ఇంచుమించుగా మన కుడిచేతి వైపున ఉంటుంది. ఈశాన్యం నుంచి గాలి కొడుతుంటే గుండం ఆగ్నేయాన, అంటే మన తీరానికి సముద్రం మీద ఉందన్నమాట. తరువాత గాలి తూర్పుకూ, ఆ పైన ఆగ్నేయానికీ తిరిగితే గుండం మనకు దక్షిణంగా పోతోంది. ఉత్తరానికీ వాయవ్యానికీ తిరిగితే మనకు ఉత్తరంగా దాటుతోంది. రెంటిలో మొదటిదే తీరంవారికి ఎక్కువ భయం, ఎందుకంటే ఆ పక్కన గాలి సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోస్తుంది. ఉప్పెన లేచేది అక్కడే.

పిడింగ్టన్ తన విద్యను ఓడలకే పరిమితం చేయలేదు. కలకత్తాకు దక్షిణాన మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ వ్రాశాడు. ఆ చోటికి ఏదో ఒక రోజు తుఫానుతో పాటు ఉప్పునీటి గోడ వచ్చిపడుతుందని, అక్కడ ఊరు కట్టవద్దని దాని సారాంశం. ఓడలు మానుకున్న ఒక పెద్దమనిషి చాదస్తం కింద జమకట్టారు కాబోలు. రేవు కట్టారు, రైలు మార్గమూ వేశారు, పోర్ట్ క్యానింగ్ అని పేరూ పెట్టారు. పిడింగ్టన్ 1858లో కన్నుమూశాడు. 1867లో తుఫాను వచ్చి ఆ రేవును పాడుచేసింది. కొద్ది ఏళ్ళకే దాన్ని వదిలేశారు.

ఈలోగా 1864 అక్టోబరులో కలకత్తాలో సుమారు 60 వేల మంది, నవంబరులో మన బందరులో సుమారు 30 వేల మంది తుఫాను వాత పడ్డారు. మరుసటి ఏడే కలకత్తా రేవుకు హెచ్చరికల ఏర్పాటు వచ్చింది. 1875లో వాతావరణ శాఖ వెలిసింది. టెలిగ్రాఫు తీగ గాలికంటే ముందుగా కబురు మోయసాగింది. రేవుల్లో పగలు జెండాలు, బుట్టలు, రాత్రి దీపాలు ఎగరేసేవారు. ఒకటి నుంచి పదకొండు దాకా ఆ నంబర్లను మీరు రేడియోలో ఎన్నిసార్లు విన్నారో.

అయితే కబురు అందవలసిన మనిషి ఎక్కడ ఉన్నాడన్నది ఇంకో ప్రశ్న. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెనకు పది వేల మందికి పైగా పోయారు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా దాటిన తుఫాను విస్తీర్ణంలో చిన్నది. తీరానికి దగ్గరగా వచ్చాక త్వరగా బలపడింది. కోనసీమ కొబ్బరి నేలకూలింది, యానాం అతలాకుతలమైంది. పోయినవారిలోనూ, ఆచూకీ దొరకనివారిలోనూ వేటకు వెళ్ళిన జాలరులు ఎందరో ఉన్నారు. నడిసముద్రంలో చిన్న పడవకు ఏ జెండా కనిపిస్తుంది చెప్పండి.

చలికాలపు తుఫానుకు ఇంకో పేచీ ఉంది. నవంబరు దాటాక బంగాళాఖాతం ఉత్తర భాగంలో నీరు చల్లబడుతుంది. భూభాగం మీది నుంచి పొడిగాలి దిగుతుంది. పైన ఒక వేగం, కింద ఒక వేగం గాలులు వీచి గుండాన్ని పక్కకు వంచేస్తాయి. అందుకే ఎంత పెద్ద యంత్రం లెక్కకట్టినా ఈ రోజుల్లో దారీ బలమూ రెండూ తికమక పెడతాయి. 2013 సంవత్సరాన్నే తీసుకోండి. అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. అంచనా సరిగ్గా వచ్చింది. లక్షల మందిని ముందే తరలించడంతో, 1999లో పది వేల ప్రాణాలు పోయిన ఒడిశాలో నష్టం పదుల్లో ఆగింది. బరంపురం చుట్టుపక్కల మనవారికి ఆ రాత్రి ఇంకా గుర్తే. నవంబరులో హెలెన్ బందరు దగ్గర దాటింది. దాని వెనుకనే లెహర్ వస్తోందన్నారు. కోస్తా అంతా బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. అది దారిలోనే నీరసించి 28వ తేదీన వట్టి వాయుగుండంగా బందరు దగ్గర నేలకు చేరింది. శిబిరాల నుంచి ఇళ్ళకు మళ్ళినవారు విసుక్కుంటే తప్పు పట్టలేం. వట్టి చేతులతో వచ్చిన తుఫానును తిట్టుకోవడం కూడా ఒక భాగ్యమే.

ఇటువంటి రోజుల్లోనే ఈ కాలపు పిడింగ్టన్‌లు మేలుకుని ఉంటారు. చెన్నైలో ప్రదీప్ జాన్, బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ ఆంధ్ర వాతావరణం చెప్పే సాయి ప్రణీత్ అటువంటివారు. 2021లో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో సాయి ప్రణీత్ పేరు చెప్పారు. వీరి సరంజామా ఓడల పుస్తకాలు కావు, ఉపగ్రహ చిత్రాలు, రాడారు బొమ్మలు. ఐరోపా కేంద్రం లెక్క ఒక గీత గీస్తుంది, అమెరికా లెక్క ఇంకో గీత. రెండూ దగ్గరపడేదాకా వీరు నిలకడగా చూస్తారు, తేడా ఉంటే ఉందని చెబుతారు. రైతుకు వరి కోయాలో ఆగాలో తేల్చుకోవడానికి ఆ రెండు రోజులే ముఖ్యం. హెచ్చరిక నంబరు ఎగరేసే అధికారం మాత్రం వాతావరణ శాఖదే, అలా ఉండటమే మంచిది.

అదే 2013 డిసెంబరులో మాది అనే తుఫాను పుట్టింది. ముందు ఉత్తరానికి నడిచింది. మన తీరానికే వస్తుందా అని చూస్తుండగా సముద్రంలోనే వెనక్కి మళ్ళి నైరుతి దారి పట్టింది. బలమంతా పోగొట్టుకుని 12వ తేదీన తమిళనాడులో వేదారణ్యం దగ్గర ఒడ్డుకు చేరింది.

సెలవు.