గుర్రం కాళ్ళ కింద చిన్న అక్షరం

మా అత్తగారు పోయాక ఆవిడ కాసులు పంచుకోవడానికి ముగ్గురు తోడికోడళ్ళం కూర్చున్నాం. మొత్తం ఆరు. ఒకవైపు జార్జి రాజు తల, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ని చంపుతున్న వీరుడు. చూడ్డానికి అన్నీ ఒక్కటే. కానీ భూతద్దం పెట్టి చూస్తే గుర్రం కాళ్ళ కింద, సంవత్సరానికి సరిగ్గా పైన, ఒకదానికి ఎస్, ఒకదానికి ఎం, ఒకదానికి పి, ఇంకొకదానికి ఐ. మిగతా రెండింటికి ఏమీ లేదు.

"ఇవి అత్తయ్యవి కావు, ఎవరో మార్చేశారు" అంది మా పెద్దక్క. నాకు నోట మాట రాలేదు. ఆఖరి రెండేళ్ళూ ఆ బీరువా తాళం నా దగ్గరే ఉంది మరి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ అక్షరాల సంగతి వెతికాను.

ఇవి బ్రిటిష్ సావరిన్లు. ఆస్ట్రేలియాలో బంగారం బయటపడ్డాక, దాన్నంతా లండన్ దాకా మోసుకెళ్ళి నాణేలు కొట్టించడం ఎందుకని 1855లో సిడ్నీలోనే టంకశాల తెరిచారు. తర్వాత 1872లో మెల్‌బోర్న్, 1899లో పెర్త్. జార్జి రాజు సావరిన్లు ఏ టంకశాల కొట్టినా బొమ్మ ఒకటే, 22 క్యారెట్ల బంగారమే, బరువు 7.988 గ్రాములే. మనం కాసంటే ఎనిమిది గ్రాములు అనుకుంటామే, దాదాపు అదే తూకం. ఏ నాణెం ఎక్కడ పుట్టిందో తెలియడానికి మాత్రం ఆ చిన్న అక్షరం. సిడ్నీకి ఎస్, మెల్‌బోర్న్‌కి ఎం, పెర్త్‌కి పి. లండన్‌కి అక్షరం లేదు.

మరి ఐ? అది ఇండియా! మన బొంబాయి!

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడల ప్రయాణం ప్రమాదమైపోయింది. ఇక్కడేమో వెండి రూపాయలకు కరువు. అందుకని రాయల్ మింట్ శాఖ ఒకటి బొంబాయిలో పెట్టారు. లండన్ నుంచి అచ్చులు వచ్చేలోగా ఊరుకోకుండా, అదే బరువుతో, అదే నాణ్యతతో 15 రూపాయల మొహరీలు కొట్టారు. అప్పట్లో సావరిన్ విలువ కూడా 15 రూపాయలే. మొహరీ మీద గుర్రం ఉండదు, 15 రూపాయలు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అచ్చులు వచ్చాక సుమారు 13 లక్షల సావరిన్లు కొట్టారు. వాటన్నిటి మీదా ఒకే సంవత్సరం, 1918. ఆ మరుసటి ఏడే శాఖ మూసేశారు. మా ఐ కాసు మీదా 1918 అనే ఉంది.

అక్షరం ఉన్నంత మాత్రాన నాణెం అసలుదని కాదు. దొంగ నాణేల మీద కూడా అక్షరాలు వేస్తారు. అందుకే మర్నాడు ఆరింటినీ కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళాం. పెద్దక్కని కూడా రమ్మన్నాను. తూకం వేశాడు, గీటురాయి మీద చూశాడు. ఆరూ బంగారంలాంటి కాసులే. అరిగినవి కాస్త తక్కువ తూగాయంతే.

పెద్దక్క ఏమీ అనలేదు. ఇంటికొచ్చి చీటీలు వేసుకున్నాం. ఐ కాసు ఆవిడకే వచ్చింది. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, "ఇది ఏ ఊరిదన్నావ్?" అని అడిగింది. చెప్పాను. కొంగున ముడేసుకుంది.

మీ ఇంట్లోనూ పాత కాసులుంటే ముందు భూతద్దం, తక్కెడ తెచ్చుకోండి. మనుషుల్ని అనుమానించడం ఆ తర్వాత.