ఒలింపస్ దేవతలు మన సీమకు వచ్చిన దారులు



గ్రీకు పురాణ కథలు తెలుగులో చెప్పుకొనేటప్పుడు మనలో చాలామందికి ఒక అలవాటు ఉన్నది. జ్యూస్ పేరు వినగానే "మన ఇంద్రుడే కదా" అంటాము. పొసైడన్ అనగానే వరుణుడు, ఎథీనా అనగానే సరస్వతి, ఏరీస్ అనగానే కుమారస్వామి. కొన్నేళ్ల క్రితం తెనాలిలో ఒక సభలో ఒక వక్త, గ్రీకులు తమ దేవతలనందరినీ మన వేదాలనుంచే ఎత్తుకొని పోయారని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆయన తరువాత మాట్లాడినవారు, అలెగ్జాండరు వచ్చి వెళ్లాకనే మనవారు దేవతా విగ్రహాలు చెక్కడం నేర్చారని అంతే ధాటిగా చెప్పారు. ఆయనకూ చప్పట్లు బాగానే పడ్డవి. ముందు వరుసలో హైస్కూలు పిల్లలు కూర్చొని ఉన్నారు. వారు ఇంటికి ఏమి పట్టుకొని వెళ్లారో అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ టపా ఆ పిల్లల కోసం రాస్తున్నాను.

ముందుగా వారెవరో క్లుప్తంగా చెప్పుకొందాము. ఒలింపస్ పర్వతం మీద కొలువుండేవారు పన్నెండుగురు. దేవతల రాజు, పిడుగు ఆయుధంగా గల జ్యూస్, ఆయన పట్టపురాణి హేరా, సముద్రాధిపతి పొసైడన్, పంటల తల్లి డిమీటర్, వివేకానికీ యుద్ధనీతికీ అధిదేవత ఎథీనా, సంగీతానికీ జోస్యానికీ అపోలో, ఆయన కవల సోదరి, వేటల దేవత ఆర్టెమిస్, రణోన్మాది ఏరీస్, ప్రేమకూ సౌందర్యానికీ ఆఫ్రొడైటీ, కమ్మరి దేవుడు హెఫెస్టస్, వర్తకులకూ బాటసారులకూ దిక్కైన హెర్మీస్. పన్నెండవ స్థానంలో కొందరు పొయ్యిదేవత హెస్టియాను, కొందరు మధుదేవుడు డయొనైసస్‌ను చెబుతారు. పాతాళాధిపతి హేడీస్ గొప్పవాడే అయినా ఆయన నివాసం అధోలోకం కనుక ఈ లెక్కలో చేర్చరు.

వీరికీ మనకూ సంబంధం ఉన్నదా అంటే ఉన్నది. అయితే అది ఒక దారిన వచ్చినది కాదు. మూడు వేరు వేరు దారులున్నవి. వాటిని కలిపివేయడం వల్లనే చిక్కంతా వస్తున్నది.

మొదటి దారి: చుట్టరికం

సంస్కృతం చదువుకొన్నవారికి 'ద్యౌః' శబ్దం పరిచితమే. ఆకాశమని అర్థం. షష్ఠీ విభక్తిలో 'దివః' అవుతుంది. గ్రీకులో 'జ్యూస్' శబ్దానికి షష్ఠి 'దియోస్'. ఋగ్వేదంలో ద్యౌస్సును తండ్రి అని పిలుస్తారు, 'ద్యౌష్పితర్'. గ్రీకులు 'జ్యూస్ పాతెర్' అన్నారు. రోమనులు అదే మాటను 'జూపిటర్' చేశారు. ఇది ఒకరి వద్ద ఒకరు తీసుకొన్న మాట కాదు. సంస్కృతానికీ గ్రీకుకూ లాటినుకూ పూర్వమైన ఒక మూలభాషనుంచి అందరికీ సంక్రమించిన ఆస్తి. మన ఉషస్సూ వారి ఉషోదేవత ఎయోస్, మన సూర్యుడూ వారి హేలియోస్ కూడ ఇట్లే ఏకమూలాలు. ఋగ్వేదంలో అశ్వినులు ద్యౌస్సు సంతానం. గ్రీకు కవలలు కాస్టర్, పాలిడ్యూసెస్‌లను 'దియోస్కురోయ్', అనగా జ్యూస్ కుమారులు అంటారు.

అన్నదమ్ములు వేరుపడిన తరువాత ఎవరి కాపురం వారిది. వేదంలో ద్యౌస్సు వెనుకబడిపోయినాడు. ఆయనకు ఒంటిగా సూక్తం లేదు. 'ద్యావాపృథివీ' అని భూమితో జంటగానే స్తుతి. పిడుగునూ రాజ్యాన్నీ ఇంద్రుడు తీసుకొన్నాడు. గ్రీసులో మాత్రం రెండూ జ్యూస్ వద్దనే ఉండిపోయినవి. కాబట్టి జ్యూస్ పేరునుబట్టి ద్యౌస్సు, పనినిబట్టి ఇంద్రుడు.

చెవికి ఒకటిగా వినిపించినంత మాత్రాన చుట్టరికం కుదరదు. 19వ శతాబ్దంలో పండితులు కొందరు వరుణుడూ గ్రీకు ఆకాశదేవుడు ఊరనోస్ ఒకరే అన్నారు. ధ్వనిసూత్రాలు అందుకు ఒప్పుకోవడం లేదు. ఊరనోస్ 'వర్ష' శబ్దానికి చుట్టమని నేడు ఎక్కువమంది అంటారు. మన 'దేవ' శబ్దానికి లాటిన్ 'దేవుస్' సోదరుడు. కాని దేవుడనే అర్థమే గల గ్రీకు 'థెయోస్' వేరే ఇంటివాడు. వ్యాకరణం చదువుకొన్నవారికి ఇటువంటి చోట తొందరపాటు తగదు.

రెండవ దారి: ఓడ

తెనాలినుంచి రేపల్లెకు పోయే రైలు దారిలో వేమూరు దాటిన తరువాత భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు ధాతుకరండాలు బయటపడ్డవి. వాటిమీది ప్రాకృత శాసనాలను బ్యూలర్ పండితుడు చదివినాడు. అందులో కుబిరకుడనే రాజు పేరున్నది. అది కుబేరుని తలపించే పేరు. క్రీస్తుకు పూర్వమే మన డెల్టాలో రాతా రాజ్యమూ బౌద్ధమూ ఎంత కుదురుకొని ఉన్నవో ఆ కరండాలు చెబుతున్నవి.

రేపల్లె అవతల కృష్ణానది దాటితే ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలో అది 'కంటకసేల'. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళకారుడు టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అనీ, అందులోని ఒక వర్తక స్థానాన్ని 'కొంటకొస్సుల' అనీ పేర్కొన్నాడు. ఆ రెండూ ఒకటేనని చరిత్రకారులు అంగీకరించారు. ఘంటసాల శాసనంలో ఒక 'మహానావికుని' ప్రసక్తి కూడ ఉన్నది. టాలెమీకి కొంచెం ముందుదైన 'పెరిప్లస్' గ్రంథం ఈ సీమలో సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని చెబుతుంది. ఆ బట్టలు పడమటికి పోయినవి, బంగారం ఇటు వచ్చింది. వినుకొండ ప్రాంతంలోనూ నాగార్జునకొండలోనూ రోమను బంగారు నాణేలు దొరికినవి.

నాణెం వచ్చిందంటే దానిమీది బొమ్మ కూడ వచ్చినట్లే. దక్షిణదేశంలో విరివిగా దొరికే తిబేరియస్ చక్రవర్తి నాణెం వెనుకవైపు, చేత కొమ్మ పట్టి పీఠం మీద కూర్చొన్న స్త్రీమూర్తి ఉంటుంది. ఆమెను రాజమాత లివియాగా, శాంతిదేవత రూపంలో ఉన్నట్లుగా భావిస్తారు. ఆ శాంతిదేవత గ్రీసులో ఐరీనీ. మనవారు ఆమెను పూజించినట్లు ఆధారం లేదు. దక్షిణాదిన దొరికిన నాణేలలో కొన్నిటికి చిల్లులున్నవి. అంటే తాడుకు గుచ్చి మెడలో వేసుకొన్నారు. మన అమ్మమ్మల కాసులపేరు చూసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఇంతకన్న విచిత్రమైనది నాగార్జునకొండలో ఉన్నది. ఇక్ష్వాకుల రాజప్రాసాద ప్రాంతంలోని ఒక శిల్పంలో గడ్డంతో, నడుముపై వస్త్రం లేకుండ, చేత కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకొన్న పురుషుడు కనిపిస్తాడు. పక్కన మద్యపు కడవ ఉన్నది. పలువురు పండితులు ఈయనను డయొనైసస్‌గా గుర్తించారు. చైత్యాలలో చోటు దొరకని మధుదేవుడు రాజుగారి ఇంటి అలంకారంలో చేరినాడన్నమాట. అదే కొండమీది మరొక శాసనం, అక్కడి థేరవాద ఆచార్యులు ధర్మం వినిపించిన దేశాల పట్టికలో 'యవన'ను కూడ చేర్చింది. రాకపోకలు ఉభయతః జరిగినవి.

ఉత్తరాదిన ఈ పరిచయం ఇంకా లోతుగా సాగింది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో అగాథోక్లిస్ అనే యవనరాజు తన నాణేల మీద బలరామ వాసుదేవులను ముద్రించినాడు. అదే శతాబ్దం చివరలో తక్షశిలనుంచి రాయబారిగా వచ్చిన హెలియోడోరస్ విదిశవద్ద వాసుదేవునికి గరుడధ్వజం ఎత్తించినాడు. గాంధార శిల్పులు బుద్ధుని అంగరక్షకుడైన వజ్రపాణిని హెరాక్లిస్ రూపంలో మలచినారు. మన కృష్ణాతీరంలో ఆ దేవతలు చుట్టపుచూపుగా వచ్చినవారే.

మూడవ దారి: పంచాంగం

రేపల్లెలో పనిచేసే రోజుల్లో, ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు లేచి "మాస్టారూ, శనివారం తరువాత ఆదివారమే ఎందుకు రావాలండీ?" అని అడిగాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఇంతకన్న మంచి ప్రశ్న నాకు ఎదురుకాలేదు. నల్లబల్లమీద లెక్క వేసి చూపించాను. మీకూ చూపిస్తాను.

ఆకాశంలో నెమ్మదిగా తిరిగేవాటినుంచి వేగంగా తిరిగేవాటి వరకు గ్రహాలను వరుసగా రాయండి: శని, గురువు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజుకు 24 హోరలు. ఒక్కొక్క హోరకు వరుసగా ఒక్కొక్క గ్రహం అధిపతి. సూర్యోదయవేళ మొదటి హోరకు ఎవరు అధిపతియో ఆ రోజుకు ఆయన పేరు. శనితో మొదలుపెడితే మూడు ఆవృత్తాలకు 21 హోరలు గడుస్తవి. మిగిలిన మూడూ శనికి, గురువుకు, కుజునికి పోతవి. మరునాటి మొదటి హోర రవిది, కనుక ఆదివారం. రవినుంచి అట్లే లెక్కిస్తే చంద్రుడు, సోమవారం. తరువాత కుజుడు, మంగళవారం. ఏడు వారాలూ ఇట్లే పొల్లుపోకుండ వస్తవి.

ఈ 'హోర' గ్రీకు మాట. 'అహోరాత్ర' శబ్దంలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ లోపించి 'హోరా' అయినదని మన సంప్రదాయ వ్యుత్పత్తి. చమత్కారంగానే ఉన్నది కాని, దాని తోడుగా వచ్చిన మాటలను చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. జాతకంలో చెప్పే 'కేంద్రం' గ్రీకు కెంట్రోన్. 'లిప్త' లెప్టోన్. వేదాంగ జ్యోతిషంలో తిథులు, నక్షత్రాలు ఉన్నవి. ద్వాదశ రాశులు లేవు, వారాలు లేవు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు వేరే పేర్లు కూడ ఇచ్చినాడు. మేషం 'క్రియ' (గ్రీకు క్రియోస్), వృషభం 'తావురి' (తౌరోస్), సింహం 'లేయ' (లెయోన్), కన్య 'పాథోన' (పార్థెనోస్). కుంభరాశి గ్రీకు పేరు హుద్రోఖోఓస్, నీళ్లు పోసేవాడని అర్థం. అది మన నోట 'హృద్రోగం' అయి కూర్చున్నది! వారం పేరు కనిపించే తొలి శాసనాలలో ఒకటి, బుధగుప్తుని కాలపు ఏరణ్ స్తంభశాసనం, క్రీ.శ. 484 నాటిది. అందులో ఉన్నది గురువారం.

ఇప్పుడు ఒలింపస్ వైపు చూడండి. మంగళవారపు గ్రహం గ్రీకులకు ఏరీస్‌ది. మన కుజుడు ఆయుధాలకూ యుద్ధానికీ కారకుడు. బుధవారం హెర్మీస్‌ది, మన బుధుడు వాణిజ్యానికి కారకుడు. గురువారం జ్యూస్‌ది, శనివారం ఆయన తండ్రి క్రోనోస్‌ది. శుక్రవారం ఆఫ్రొడైటీది, మన శుక్రుడు కళత్రకారకుడు. పురాణంలో శుక్రాచార్యులు గడ్డం గల రాక్షసగురువు. అటువంటి మహర్షిని జ్యోతిషం చంద్రునితో కలిపి స్త్రీగ్రహమంటుంది. పురాణంనుంచి చూస్తే ఇందుకు సమాధానం దొరకదు. ఆఫ్రొడైటీ వెనుక నిలబడి ఉన్నదని తెలిస్తే చిక్కు విడిపోతుంది. గ్రీకు చంద్రదేవత సెలీనీ కూడ స్త్రీయే.

అయితే ఇది గ్రీకుల సొంత సొమ్మా అంటే అదీ కాదు. గ్రహాలను దేవతలతో జతపరచినవారు అంతకు ముందరి బాబిలోనియావారు. శుక్రగ్రహం వారి ఇష్టార్‌ది, గురుగ్రహం మర్దూక్‌ది. గ్రీకులు ఆ పేర్లు తీసివేసి తమ దేవతలను కూర్చోబెట్టినారు. మనవారు గ్రీకు పేర్లు తీసివేసి మన దేవతలను కూర్చోబెట్టుకొన్నారు. ఈ అప్పు పుచ్చుకోవడంలో వరాహమిహిరునికి చిన్నతనం కనిపించలేదు. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వారివద్ద నెలకొని ఉన్నది కనుక వారూ ఋషులవలె పూజ్యులేనని బృహత్సంహితలో రాసినాడు. 6వ శతాబ్దంలో ఉన్న ఆ నిబ్బరం తెనాలి సభలో ఆ రోజు నాకు కనిపించలేదు.

దారి లేని పోలికలు

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. గ్రీకు పురాణంలో కూడ ఒక పారిస్ ఉన్నాడు. హేరా, ఎథీనా, ఆఫ్రొడైటీ ముగ్గురిలో ఎవరు అందగత్తె అని తీర్పు చెప్పి ట్రాయ్ యుద్ధానికి విత్తనం వేసిన రాకుమారుడు. ఈ రెండు పేర్లనూ ముడివేసి ఒక వ్యాసం రాయడం కష్టమేమీ కాదు. కాని ఫ్రాన్సు రాజధాని పేరు 'పరిసీ' అనే ప్రాచీన గాల్ తెగవారినుంచి వచ్చింది. ట్రాయ్ రాకుమారునితో దానికి సంబంధం లేదు. మనం చెప్పుకొనే పోలికలు చాలా ఇటువంటివే.

బాపట్లలో ఈ పాఠమే చెబుతుండగా ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ, మరి మా పోలేరమ్మ గ్రీకులో ఎవరండీ?"

ఇలియడ్ కావ్యారంభంలో అపోలో కోపించి గ్రీకుల శిబిరం మీద బాణాలతో మహమ్మారిని కురిపిస్తాడు. మన పల్లెల్లో మశూచిని అమ్మవారనే పిలిచారు, పోలేరమ్మకు మొక్కుకొన్నారు. రోగం ముందు మనిషి భయం అక్కడా ఇక్కడా ఒకటే కనుక ఆ పోలిక వచ్చింది. పేరులో చుట్టరికం లేదు, ఓడలో రాలేదు, పంచాంగంలో చేరలేదు. సూర్యలంక తీరాన జాలరులకు గంగమ్మ ఉన్నది. ఆమెకు పొసైడన్‌తో పని లేదు. తెలుగు ద్రావిడభాష. ఆ అమ్మల పూజకు వేదంలోనూ గ్రీసులోనూ మూలం వెతకనక్కర లేదు.

కాబట్టి ఆ అమ్మాయితో "ఎవరూ కాదమ్మా, పోలేరమ్మ పోలేరమ్మే" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. సభలో వాదించుకొన్న పెద్దలిద్దరి మాటల్లోనూ ఈ తల్లులకు చోటు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒకరు అన్నిటినీ వేదంలో కలిపారు, మరొకరు అన్నిటినీ గ్రీసులో కలిపారు. మన ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద ఉన్న దేవతను ఇద్దరూ దాటి వెళ్లిపోయారు.

మీ ఊళ్లలోని అమ్మవార్ల పేర్లూ, వారిని గురించి పెద్దలు చెప్పిన మాటలూ మీకు తెలిసినంతవరకు వ్యాఖ్యలలో రాయండి. ఒకచోట చేర్చి పెడితే రేపటి పిల్లలకు పనికి వస్తవి.