నేటాలు వలస పత్రములు – ఆర్.కె.పేట సీమలో వంశమూలాన్వేషణము

తన పూర్వులెవరో, వారు ఏ ఊరివారో తెలిసికొనవలెనను కోరిక మానవునకు సహజమైనది. మన దేశమున పితృకర్మ చేయువాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పి తిలోదకము విడుచును. మూడు తరముల పేర్లు నోటనుండుట మనవారికి ఆచారము. అంతకు పైతరమువారిని గూర్చి ప్రశ్నించినచో గోత్రము చెప్పుదురు, ఇంటిపేరు చెప్పుదురు, తమవారు పూర్వము ఏ ఊరినుండి వచ్చిరో చెప్పుదురు, మనిషి పేరు చెప్పగలవారు మాత్రము అరుదు.

సముద్రమునకు ఆవలనున్న తెలుగువారి స్థితి దీనికి విపరీతముగా నున్నది. దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమలో నాలుగైదు తరములనుండి నివసించుచున్న కుటుంబములవారు ఓడనెక్కిన తమ పూర్వుని పేరును, అతని తండ్రి పేరును, వయస్సును, ఎత్తును, తుదకు ఒంటిమీది మచ్చను సైతము ప్రభుత్వ పత్రమునుండి చూపగలరు. కాని ఆ పూర్వుని ఇంటిపేరేదో వారిలో పెక్కుమందికి తెలియదు. ఒకరియొద్ద పత్రము కలదు, పేరు లేదు. మరియొకరియొద్ద పేరు కలదు, పత్రము లేదు. ఈ రెండింటిని జతపరచుటయే మూలాన్వేషణము. అది ఎట్లు సాధ్యమగునో, అందలి చిక్కులెట్టివో ఆర్.కె.పేట సీమను ఉదాహరణముగా గైకొని ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది.

వలసకు పూర్వరంగము

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేసిన చట్టము 1834 ఆగస్టు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. చెఱకుతోటల యజమానులకు పనివాండ్రు కరవైరి. ఆ లోటు తీర్చుకొనుటకు వారు భారతదేశమువైపు చూచిరి. ఆ సంవత్సరముననే మారిషస్సు ద్వీపమునకు ఒప్పందపు కూలీల వలస ఆరంభమయ్యెను. నేటాలు వంతు 1860లో వచ్చినది. 'ట్రూరో' అను ఓడ ఆ యేడు అక్టోబరు 12న చెన్నపట్టణమునుండి బయలుదేరి, నవంబరు 16న డర్బను రేవు చేరెను. 1866లో ఆగిపోయిన ఈ వలస 1874లో మరల మొదలై, 1911లో భారత ప్రభుత్వపు నిషేధముతో ముగిసెను. ఈ కాలమున నేటాలు చేరినవారి మొత్తము 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు చెన్నపట్టణమున ఓడనెక్కినవారే. అట్లు పోయినవారిని పెద్దసంఖ్యలో పంపిన జిల్లాలలో ఉత్తరార్కాటు ముఖ్యమైనది. తిరుత్తణి, ఆర్.కె.పేట సీమ నాడు ఆ జిల్లాలోనిదే.

ఇంతమంది ఏల పోయిరి? 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును పీడించిన మహాక్షామము ఒక కారణము. మన పెద్దలు దానిని ధాత కరవని చెప్పుకొనిరి. సీమ బట్టల రాకతో నేతవృత్తి దెబ్బతినుట మరియొక కారణము. మగ్గమే జీవనాధారమైన పేటలు అధికముగా నున్న ప్రాంతమున ఈ దెబ్బ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. 1856 జూలై 1న రాయపురమునుండి వాలాజా వరకు రైలు నడచెను. తరువాతి దశాబ్దమున తిరుత్తణి మీదుగా రేణిగుంటవైపు ఇనుపదారి సాగెను. అంతకుముందు దినముల తరబడి నడువవలసిన చెన్నపట్టణము ఒక్క పగటి ప్రయాణమయ్యెను. కరవు నాటి కూలికి ఆ దారి రేవుదాక కొనిపోవు దారి యైనది.

ఒప్పందము ఐదేండ్లకు. మగవానికి తొలియేట నెలకు పది షిల్లింగులు జీతము. పదియేండ్లు గడచిన పిమ్మట స్వదేశమునకు ఉచిత ప్రయాణమను వాగ్దానము. అయినను పెక్కుమంది అచ్చటనే నిలిచిపోయిరి. అట్లు నిలిచినవారిపై ఏటేట మూడు పౌనుల పన్ను విధించుచు 1895లో నేటాలు ప్రభుత్వము శాసనము చేసెను. ఆ పన్ను 1914లో గాని తొలగలేదు. నేటి నేటాలు తెలుగువారు ఆ నిలిచినవారి సంతతి.

ఓడ పట్టీలు చెప్పునది

ప్రతి ఓడకును ఒక పట్టీ కలదు. అందు ప్రతి మనిషికి ఒక వరుససంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయో పురుషుడో, కులము, జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామము, దేహచిహ్నములు వ్రాయబడినవి. నేటాలులో ఆ మనిషి ఎవరి తోటకు పంపబడెనో తెలుపు వివరము కూడ చేర్చబడుచుండెను. ఆ సంఖ్య జీవితాంతము వెంటనంటి యుండెడిది. వివాహము నమోదైనను, మరణము నమోదైనను, అర్జీ పెట్టుకొన్నను పేరు ప్రక్కన ఆ సంఖ్య కనబడును. కావున అన్వేషణము ఓడ పట్టీతో ఆరంభింపరాదు. ఇంటిలోనున్న తాతల వివాహ పత్రమునుండి, మరణ పత్రమునుండి సంఖ్యను సంపాదించి, దానితో పట్టీని చేరవలెను. పేరును బట్టి వెదకినచో మునుస్వాములు వందలు, చెంగమ్మలు వందలు ఎదురగుదురు. సంఖ్యను బట్టి వెదకినచో ఒక్కరే ఎదురగుదురు.

మారిషస్సు పత్రములకు మహాత్మాగాంధీ సంస్థ నిలయము. ఫిజీ వలస పత్రములు సువాలోని జాతీయ పత్రాగారమున కలవు. మారిషస్సున కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాటు 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. ఆ మెట్లమీద దిగినవారిలో తెలుగువారును కలరు. కోరంగి రేవు పేరుమీద అచ్చట తెలుగువారికి కోరంగీలను పేరే కలిగినది.

జిల్లా పేరిటి చిక్కు

పత్రము చేతబట్టుకొని వచ్చినవారికి ఎదురగు మొదటి చిక్కు జిల్లా పేరు. పట్టీలో ఉత్తరార్కాటు అని యుండును. నేడు ఆ పేరుగల జిల్లా లేదు. 1911 వరకు దానికి ముఖ్యపట్టణము చిత్తూరు. ఆ యేడు ఏప్రిలు 1న చిత్తూరు వేరు జిల్లా యయ్యెను. మిగిలిన ఉత్తరార్కాటు 1989లో రెండుగా చీలెను. అందు వేలూరు జిల్లానుండి 2019లో రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు ఏర్పడినవి. చిత్తూరు జిల్లానుండి 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినది. కావున నాటి పట్టీలోని ఒక్క మాటకు నేడు వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు, తిరువణ్ణామలై, చిత్తూరు, తిరుపతి, తిరువళ్ళూరు అను ఏడు జిల్లాలలో, రెండు రాష్ట్రములలో వెదకవలసియున్నది.

ఆర్.కె.పేట చరిత్రము ఈ విషయమున మిక్కిలి బోధకమైనది. రామకృష్ణరాజుపేట యను నిండుపేరు వాడుకలో ఆర్.కె.పేటగా కుదిరినది. ఈ సీమ 1911కు ముందు ఉత్తరార్కాటు జిల్లాలోనిది. తరువాత చిత్తూరు జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు అందు చేరినది. పటాస్కరు నిర్ణయము ననుసరించి 1959లో చేసిన సరిహద్దుల చట్టముచేత, 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తాలూకాతోపాటు చెన్నరాష్ట్రమునకు వచ్చి చెంగల్పట్టు జిల్లాలో కలిసినది. 1969లో రాష్ట్రము పేరు తమిళనాడు అయినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది. ఊరు కదలలేదు, ఊరి చిరునామాయే పలుమారులు కదలినది. ఈ వరుస తెలియని వారసుడు చిత్తూరు కచ్చేరీకి పోయి అడిగినచో ఆ ఊరు తమది కాదని చెప్పుదురు. తిరువళ్ళూరునకు పోయి ఉత్తరార్కాటు మాట యెత్తినచో వేలూరునకు పొమ్మందురు. ఎవరు చెప్పినదియు అబద్ధము కాదు. ఏ సంవత్సరపు పత్రమో ఆ సంవత్సరపు జిల్లాను ముందు నిర్ణయించుకొనుటయే దీనికి మందు.

ఊరి పేరు, మనిషి పేరు

రెండవ చిక్కు అక్షరములది. చెప్పినవాడు తెలుగువాడు. విన్న గుమాస్తా తెలుగువాడో తమిళుడో కావచ్చును. వ్రాసినది ఇంగ్లీషు లిపిలో. ఇంగ్లీషున తకారమునకును టకారమునకును ఒకటే అక్షరము; లకార ళకారములకు భేదము లేదు; హ్రస్వ దీర్ఘములు తెలియవు. తమిళ లిపిలో పకారమునకును బకారమునకును ఒకటే గుర్తు. కావున బాలాపురము వంటి పేరు పాలాపురమై కనబడినను ఆశ్చర్యపడరాదు. పైగా పేట, కుప్పము, పల్లె, పాళెము అను తుదిమాటలుగల ఊళ్ళు ఈ సీమలో కోకొల్లలు. ఇట్టిచోట పత్రమును కంటితో చదివిన చాలదు. నోటితో పలికి, తెలుగు చెవితో వినవలెను. అక్షరములలో దాగిన ఊరు ఉచ్చారణలో బయటపడును. తరువాత తాలూకా పేరు, ప్రక్క ఊళ్ళ పేర్లు, అదే ఓడలో అదే ఊరినుండి పోయిన ఇతరుల వివరములు సరిచూచినచో సందేహము చాలవరకు తీరును. ఒంటరిగా పోయినవారికంటె జతగా పోయినవారిని కనుగొనుట సులభము.

మూడవది అన్నిటికంటె పెద్ద చిక్కు. పట్టీలో ఇంటిపేరునకు గడి లేదు. తెలుగువాని పేరులో ఇంటిపేరు ముందుండును. అతనిని పదిమందిలో వేరుచేసి చూపునది అదియే. పట్టీ గీచినవారికి ఈ సంగతి పట్టలేదు. వారు కులమడిగిరి, తండ్రి పేరడిగిరి. నేటాలులో కాలక్రమమున కుల బిరుదమో, తండ్రి పేరో కుటుంబనామముగా స్థిరపడెను. నాయుడు, రెడ్డి అనునవి వేల కుటుంబములకు ఉమ్మడి పేర్లయినవి. ఆ బిరుదమును బట్టి మాతృభాషను నిర్ణయించుటయు ప్రమాదమే. గాంధీమహాత్మునకు దక్షిణాఫ్రికా సత్యాగ్రహమున కుడిభుజముగా నిలిచిన తంబి నాయుడు మారిషస్సున జన్మించినవాడు. పేరు నాయుడైనను అతడు తమిళుడని గాంధీయే తన సత్యాగ్రహ చరిత్రమున వ్రాసెను. కావున బిరుదము దారి చూపును గాని గమ్యము కాదు.

ఊరిలో నున్న ఆధారములు

ఇంతవరకు చెప్పినది సముద్రమునకు ఆవలి సామగ్రి. ఈవల నున్నదేమి? గ్రామములందు జనన మరణములను నమోదుచేయు చెన్నరాజధాని చట్టము 1899 నాటిది. అంతకుముందు ఓడనెక్కినవాని పుట్టుక లెక్కలలో దొరకునని ఆశింపరాదు. తిరుత్తణి సీమ కార్వేటినగర జమీందారీలోనిది. రైతువారీ గ్రామములందువలె ప్రతి రైతు పేర సర్కారు పట్టా ఇచ్చట మొదటినుండి లేదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే ఆ పద్ధతి వచ్చెను. కాని దస్తావేజుల రిజిస్ట్రేషను 1865 నుండి కలదు. క్రయ, తనఖా, భాగపరిష్కార పత్రములలో పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాయుట మామూలు. అన్నదమ్ముల పేర్లును వారి వాటాలును భాగపత్రములలో దొరకును. ఇనాము భూములున్న కుటుంబములకు 1858లో నెలకొన్న ఇనాము కమిషను రిజిస్టరులు అమూల్యములు. చెన్నపట్టణము ఎగుమూరులోని ప్రభుత్వ పత్రాగారమున ఈ జాతి రికార్డులు భద్రపరుపబడియున్నవి.

వ్రాతకు అందనిది నోట నిలుచును. ఇంటిపేర్లను, గోత్రములను వల్లించుట వృత్తిగాగల పిచ్చుకుంట్లవారు రెడ్ల, కాపుల యిండ్లకు వచ్చుచుండిరి. పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు ఇట్టివారే. నేతపేటలు నిండిన సీమలో ఈ రెండవ సంగతి గమనింపదగినది. ఇక ఇలవేలుపు, పెండ్లి సంబంధములు చేసికొను ఊళ్ళు, తలవెండ్రుకలు తీయించు క్షేత్రము మొదలగునవి పత్రములు పోయినచోట సాక్ష్యములుగా నిలుచును. నేటాలులోని కుటుంబమున అమ్మమ్మలనాటి గ్రామదేవత పేరొకటి నిలిచియున్నచో, అది పట్టీలోని ఊరి పేరుతో సరిపడినచో, అన్వేషకుడు సరియైన గడప ముందు నిలిచెనని నమ్మవచ్చును.

ఆ గడపలోనివారు చెప్పవలసినది ఒకటి కలదు. దేశాంతరము పోయి తిరిగిరానివానికి సంతతి ఇచ్చట లేదు గనుక, అతని పేరు తర్పణములో చేరదు, భాగపత్రమునకు ఎక్కదు. రెండు తరములలో మరపున పడును. అట్టివాడొకడుండెనని ఏ ముసలమ్మయో చెప్పిన మాట ఒక్కటే ఆధారమగును. ఆ మాటను వ్రాసి పెట్టనిచో అది ఆమెతోనే పోవును.

కర్తవ్యము

దక్షిణాఫ్రికా 1996 నాటి రాజ్యాంగమున, ప్రోత్సహించి గౌరవింపవలసిన సమాజభాషలలో తెలుగును పేరుతో పేర్కొనినది. 1931లో స్థాపితమైన ఆంధ్ర మహాసభ అచ్చట తెలుగు నేర్పుటకు పాటుపడినది. కొలదిమందియే యైనను వారు ఆ భాషను విడువలేదు. మరి ఆర్.కె.పేట సీమలో స్థితి యేమి? గ్రామ లెక్కలు వ్రాసిన కరణముల వ్యవస్థ తమిళనాడున 1980లో ముగిసినది. వారి యిండ్లలోని తెలుగు లెక్కల కట్టలు అటకలమీదికి చేరినవి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతి మొదలు ఏటేట ఒక తరగతి చొప్పున పైకి సాగి, 2015–16లో పదవ తరగతిని చేరినది. రాజ్యభాషను ప్రజలు నేర్చుట న్యాయమే; దానిని ఎవరును కాదనరు. కాని ఇంట తెలుగు మాటాడి బడిలో తెలుగు చదువని బాలుడు తన ముత్తాత దస్తావేజును చేతబట్టుకొన్నచో, డర్బనునుండి వచ్చిన వారసుడు ఇంగ్లీషు పట్టీ ముందు నిలిచినట్లే నిలుచును. అప్పుడు పత్రమును కలవానికి పేరు తెలియదు. పేరు గలవానికి పత్రము చదువరాదు. ఇరువురు ఒకే రక్తమువారైనను ఒకరినొకరు గుర్తింపజాలరు.

కావున ప్రతి కుటుంబమువారును చేయదగిన పని స్వల్పము. ఇంటిపేరు, గోత్రము, ఇలవేలుపు, పూర్వపు ఊరు, తెలిసినంతవరకు తరముల పేర్లు, దేశాంతరము పోయినవారి సంగతి ఒక కాగితముమీద తెలుగున వ్రాసి, పిల్లలచేత చదివింపవలెను. అటకమీది దస్తావేజులను చెదలకు విడువక నకలు తీయింపవలెను. బడిలోని పిల్లలచే ఈ పని చేయించినచో అదియే వారికి చరిత్ర పాఠము, అదియే భాషా పాఠము. నూటయేబది యేండ్లక్రితము ఓడనెక్కినవాని ఇంటిపేరు వ్రాయుటకు పట్టీలో గడి లేకపోయెను. ఆ గడిని నేడు నింపగలవారు ఊరిలో మిగిలిన తెలుగువారే.