చేసినవాళ్ళదే వాద్యం

థింసా ఆటకు ముందు అరకు లోయ ఊళ్ళలో మంట వేస్తారు. డప్పు ముఖాన్ని ఆ సెగకు పట్టి, వేలితో తట్టి చూసి, మళ్ళీ సెగకు పట్టి, తోలు బిగిసి గొంతు విప్పేదాకా కాస్తారు. మంచు దిగిన రాత్రి ఆట మధ్యలో కూడా ఆ పని తప్పదు. ఎలక్ట్రానిక్స్ చదువుకుని, ఈ కొండల్లోనే పిల్లలకు ఆ పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి నేను. కంప్యూటరులో సంగీతం వాయించడానికి పనికొచ్చే మిడి కంట్రోలర్లను సొంతంగా కట్టుకోవడం నాకు ఇష్టమైన పని. ఆ పనికి చరిత్ర చెప్పేవాళ్ళు మిడి పుట్టిన 1983తో మొదలుపెడతారు. ఈ డప్పు కాచే మంటతో మొదలుపెట్టడమే న్యాయమని నేననుకుంటాను.

థింసా మేళంలో మోరీ, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఉంటాయి. మోరీ సన్నాయి జాతిది, పీక పెట్టి ఊదేది. తుడుము బాన ఆకారంలో ఉంటుంది, తోలు మూసిన దాని ముఖం మీద రెండు పుల్లలతో కొడతారు. చైత్రంలో ఇటుకల పండుగ వచ్చిందంటే బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, కోందు ఊళ్ళన్నిటా ఇవి మోగుతాయి. గ్రామదేవత కోసం ఆడే బోడ థింసా వేరు, ఆకులు ఏరే తీరును చూపే పొత్తర్‌తోల వేరు, పులి నుంచి తప్పించుకోవడాన్ని ఆడే భాగ్ థింసా వేరు. వలయం కట్టి ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ళ అడుగు, దెబ్బ మారితే మారుతుంది.

ఈ వాద్యాలకు కావలసిన తోలు, కొయ్య, వెదురు, మైనం అన్నీ దగ్గర్లో దొరికినవే. తోలు చిరిగితే మార్చుకోవడం, పీక పాడైతే సరిచేసుకోవడం వాయించేవాళ్ళకు తెలుసు. తూర్పు కనుమల్లోనే దక్షిణాన నల్లమల వైపు కిన్నెరదీ ఇదే కథ. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, మైనంతో అతికిన అలుగు పొలుసుల మెట్లు. పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మెట్టు ఎక్కడ అతకాలో నిర్ణయించేది వాయించే మనిషి చెవి. నా దృష్టిలో ఈ వ్యాసానికి ఇదే కీలకం: స్వరం ఎక్కడుండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

హార్మోనియం వచ్చాక ఆ నిర్ణయం కర్మాగారానికి వెళ్ళిపోయింది. 1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబెన్ పేటెంటు తీసుకున్న వాద్యం అది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో తిత్తి కొట్టే పెట్టెగా మార్చాక దేశమంతా పాకింది. మన పద్యనాటకం దాన్ని గుండెకు హత్తుకుంది. ఆకాశవాణి మాత్రం 1940లో వెలివేసింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య గమకం పలకదన్నది అభ్యంతరం. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. అన్నేళ్ళు కళాకారుల నోరు కొట్టడం తప్పే. కానీ అభ్యంతరంలో నిజముంది. మోరీ జారే దారిలో హార్మోనియం కట్టె ఒక్కటీ లేదు.

1960లలో బైలదిల్ల గనుల ఇనుప ఖనిజాన్ని జపాను ఓడలకు అందించడానికి కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం ఈ కొండలను తొలుచుకుంటూ వచ్చింది. అరకు స్టేషను దాని మీదిదే. మన ఖనిజం అటు వెళ్ళింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో జపాను నుంచి కాసియో, యమహా, రోలాండ్ కీబోర్డులు మన పెళ్ళిళ్ళకూ ఆర్కెస్ట్రాలకూ వచ్చాయి. రోలాండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషీ, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్ ముందుండి, వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి తయారుచేయించారు. 1983 జనవరిలో సీక్వెన్షియల్ వాళ్ళ ప్రాఫెట్–600ని, రోలాండ్ వాళ్ళ జూపిటర్–6ని ఒకే తీగతో కలిపి జనం ముందు వాయించారు. అదే మిడి. అది ఎవరి సొత్తూ కాకుండా అందరికీ వదిలేశారు. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కకెహాషీకీ స్మిత్‌కీ 2013లో సాంకేతిక గ్రామీ ఇచ్చారు.

మిడి తీగలో శబ్దం ప్రయాణించదు. ఏ స్వరం, ఎంత గట్టిగా అన్న అంకెలు వెళతాయి. ఒక దెబ్బకు మూడు అంకెలు. మొదటిది ఆజ్ఞ, రెండోది స్వరం నంబరు, మూడోది దెబ్బ బలం. స్వరానికీ బలానికీ హద్దు 127. సెకనుకు 31,250 బిట్ల వేగంతో ఆ మూడూ ఒక మిల్లీసెకనులో చేరిపోతాయి. పలికేది అవతలి యంత్రం. 1985లో రోలాండ్ తెచ్చిన ఆక్టాప్యాడ్‌కు ఎనిమిది పలకలున్నాయి గాని, సొంత గొంతు లేదు. కొట్టిన దెబ్బను అంకెలుగా పంపడమే దాని పని. మన ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్ వాయించేవాళ్ళందరికీ మూలపురుషుడు అదే.

2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం ఆర్డుయినో అనే, ప్రోగ్రాము రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డు పుట్టింది. కంట్రోలరు కట్టడం దానితో కంపెనీల చేతిలోంచి బయటపడింది. 2012లో వచ్చిన దాని లియొనార్డో రకం బోర్డులో తగిన ప్రోగ్రాము వేసి యూఎస్‌బీ తీగతో కలిపితే, కంప్యూటరు దాన్ని మిడి వాద్యంగానే గుర్తిస్తుంది. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సామానుతో తుడుముకు కంట్రోలరు కట్టవచ్చు. తోలు కింద అంచు దగ్గర ఒక పీజో బిళ్ళ అతికించాలి. దెబ్బ పడితే ఆ బిళ్ళ కరెంటు పుట్టిస్తుంది. గట్టి దెబ్బకు బోర్డు తట్టుకోలేనంత వోల్టేజీ వస్తుంది కాబట్టి 5.1 వోల్టుల జీనర్ డయోడు కాపలా పెట్టాలి. బిళ్ళకు అడ్డంగా పది లక్షల ఓముల రెసిస్టరు వేస్తే మిగిలిన విద్యుత్తు జారిపోతుంది. బోర్డు ఆ దెబ్బను 0 నుంచి 1023 దాకా కొలుస్తుంది. ఎనిమిదితో భాగిస్తే మిడికి కావలసిన 127 హద్దులోకి వస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తోలు ఒక్క దెబ్బకే చాలాసేపు అదురుతుంది, బోర్డు దాన్ని అనేక దెబ్బలుగా లెక్కపెడుతుంది. అందుకని ప్రతి దెబ్బ తర్వాత కొన్ని మిల్లీసెకన్లు వినకుండా ఉండమని దానికి చెప్పాలి. ఆ వ్యవధి ఎక్కువైతే రెండు పుల్లల జోరు దెబ్బల్లో సగం పోతాయి. తక్కువైతే లేని దెబ్బలు వినపడతాయి. ఈ అంకె ఏ పుస్తకంలోనూ దొరకదు. తుడుము కొట్టే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చాలు అన్నచోట ఆపాలి. మా కొండల్లో తోలు కాచేటప్పుడు చేసే పనే ఇది, మంట బదులు ప్రోగ్రాము ఉంది.

మోరీ సంగతి ఇంకా లోతు. మిడిని కీబోర్డు మనుషులు రాసుకున్నారు, కాబట్టి స్వరాలు మెట్లుగానే ఉన్నాయి. అయినా రెండు కిటికీలు వదిలారు. జారుడుకు 16,384 మెట్లు ఇచ్చారు. నియంత్రణల పట్టికలో 2వ నంబరును ఊపిరికి కేటాయించారు. గాలి ఒత్తిడి కొలిచే చిన్న సెన్సరు ఉంటే మోరీ ఊదే శ్వాసను కంప్యూటరుకు అందించవచ్చు. 2018లో ప్రతి స్వరానికీ విడిగా జారుడు ఇచ్చే ఎంపీఈ పద్ధతిని ఆమోదించారు. 2020లో మిడి 2.0 వచ్చి అంకెల హద్దులను బాగా పెంచింది. హార్మోనియం మీద ఆకాశవాణి చెప్పిన అభ్యంతరానికి జవాబు ఇలా దొరుకుతోంది.

థింసా దెబ్బను ఎవరో ఒకసారి రికార్డు చేసుకుని, ముక్కగా కోసి, డీజే పాటల కింద తిప్పి తిప్పి వాడటం నాకు సమ్మతం కాదు. అందులో ఆడేవాళ్ళ అడుగును చూసి దెబ్బ మార్చే మనిషి ఉండడు. కంట్రోలరులో ఆ మనిషి ఉంటాడు, ఆయన చెయ్యే వాయిస్తుంది. అయితే దాన్ని కట్టేటప్పుడు కూడా ఆయన ఉండాలి.

పాడేరు, అరకు కళాశాలల ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో బోర్డులున్నాయి. 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరంలో ఉంది. మోరీ, తుడుము వాయించేవాళ్ళను పండుగనాడు వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి పంపేయకండి. మామూలు రోజుల్లో ల్యాబుకు పిలవండి, గురువుల జీతం ఇవ్వండి, వాళ్ళ పిల్లల చేతికే సోల్డరింగ్ ఐరన్ ఇవ్వండి. ఏ దెబ్బకు ఏ నంబరు పెట్టాలో వాళ్ళే తేల్చాలి.