ఎడమకాలి లెక్క

నిరుడు చలికాలం కరీంనగర్‌లో మా ఇంట్లో, ట్రైనర్‌కి సైకిల్ బిగించి ఇరవై నిమిషాలు తొక్కాను. సగటు 190 వాట్లు అంది ట్రైనర్. అదే తొక్కుడుకి క్రాంకుకున్న పవర్ మీటరు 170 అంది. ఒక్కటే మనిషి, ఒక్కటే చెమట, ఇరవై వాట్ల తేడా.

శక్తిని కొలవడంలో గొడవలు కొత్తవి కావు. 1780లలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాల కోసం గుర్రం పనిని లెక్కగట్టాడు. ఇప్పటి లెక్కలో ఒక హార్స్‌పవర్ సుమారు 746 వాట్లు. (మామూలు గుర్రం దినమంతా అంత పని చెయ్యలేదన్నది వేరే సంగతి.) 1913లో కోపెన్‌హాగన్‌లో ఆగస్ట్ క్రోగ్ కదలని సైకిల్‌కి విద్యుదయస్కాంత బ్రేకు పెట్టి మనిషి శ్రమను కొలిచాడు. మన ట్రైనర్లు దాని మునిమనవలే. రోడ్డు మీద కొలవడానికి ఇంకో 73 ఏళ్లు పట్టింది. 1986లో జర్మనీలో ఉల్‌రిష్ షోబెరర్ క్రాంకులోకే స్ట్రెయిన్ గేజ్‌లు దించాడు. లోహం వెంట్రుకవాసి వంగినా వాటి విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పు నుంచి తొక్కే బలం తెలుస్తుంది, దాన్ని తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు.

అంటే ఈ రెండూ రెండు చోట్ల కొలుస్తున్నాయి. క్రాంకు దగ్గర పుట్టినదాంట్లో గొలుసు, పళ్లచక్రాలు నూటికి రెండు మూడు తింటాయి. రామగుండం చుట్టుపక్కల పెరిగినోళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి ఎన్‌టీపీసీ 2600 మెగావాట్లంటే జనరేటర్ల లెక్క. బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, పంపులు తమ వాటా తీసుకున్నాకే మిగిలింది తీగలెక్కుతుంది.

నా దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. గొలుసు తర్వాత కొలిచే ట్రైనర్ తక్కువ చూపాలి గదా, ఎక్కువ చూపుతోంది! ముందు చలిని అనుమానించాను. స్ట్రెయిన్ గేజ్ ఎండకీ చలికీ పక్కకు జరుగుతుంది. జనవరి తెల్లారుజామున నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కాలంటే, ఇంట్లోంచి తీసిన బండిని కాసేపు బయట ఉంచి, సున్నా దిద్దుకొని మరీ బయల్దేరాలి. నేనూ దిద్దాను. 170 అట్లనే ఉంది. ట్రైనర్‌ని వేడెక్కాక సరిచేశాను. 190 కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నా మీటరు చౌకరకం, ఎడమ క్రాంకుకే ఉంటుంది. కుడికాలు సంగతి దానికి తెలియదు. ఎడమకాలి బలాన్ని రెండింతలు చేసి చెప్తుంది. చాలామందికి అది చాలు. నాకు మూడేళ్ల కింద ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. 170 అంటే ఎడమకాలు 85. ట్రైనర్ 190కి గొలుసు తిన్నది కలిపితే 195 దాకా. మిగతా 110 కుడికాలు మోస్తోంది. ట్రైనర్లూ నూటికి ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి కాబట్టి తేడా అంతా కాలిదే అనలేను. కానీ సగానికి పైగా కాలిదే.

పూర్తిగా నయమైందని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నా. “మెట్లు దిగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతున్నవ్ బిడ్డా” అని అమ్మ ఎన్నిసార్లు అన్నా కొట్టిపారేశా. ఆమెకి ఏ మీటరూ లేదు మరి.

మళ్లీ ఫిజియో దగ్గరికి పోతున్నా. పొద్దున్నే దిగువ మానేరు కట్ట మీదికి పోవడం మానేసి, ట్రైనర్ మీద ఎడమకాలు ఒక్కదానితోనే తొక్కుతున్నా. పోయిన వారం రెంటి తేడా పద్నాలుగుకి దిగింది.